తొలి మెట్టు ఎత్తు పెరిగింది

2023 ఫిబ్రవరిలో విప్రో నుంచి కొందరు కొత్త ఇంజినీర్లకు ఒక ఈమెయిల్ వెళ్లింది. వాళ్లంతా ఏడాదికి 6.5 లక్షల రూపాయల జీతానికి ఎంపికైనవాళ్లు. అందుకోసం కంపెనీ పెట్టిన శిక్షణ ముగించుకుని, చేరే తేదీ ఎప్పుడొస్తుందా అని నెలల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు. 3.5 లక్షలకు ఒప్పుకుంటే త్వరగా చేర్చుకుంటామన్నది ఆ ఉత్తరం సారాంశం. చేతిలో ఆఫర్ ఉండగానే జీతం దాదాపు సగానికి పడిపోయింది. ఐటీ ఉద్యోగుల సంఘం ‘నైటెస్’ ఇది అన్యాయమంది. అయినా ఉత్తరం అందుకున్నవాళ్లలో ఎక్కువమంది సరేనన్నారు. కాదని ఇంట్లో కూర్చోగలిగే స్థితి బీటెక్ ముగించిన పిల్లల్లో ఎందరికి ఉంటుంది?

గత నాలుగేళ్లుగా సాఫ్ట్‌వేర్ కొలువులు ఎటు నడుస్తున్నాయో ఆ ఒక్క ఉత్తరంలో కనిపిస్తుంది. ఉద్యోగాలు మాయమైపోలేదు. నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల కోసం కంపెనీలు ఇప్పటికీ పోటీ పడుతున్నాయి. చిక్కంతా మొదటి ఉద్యోగం దగ్గరే. ఒకప్పుడు పట్టా పుచ్చుకుని వచ్చిన పిల్లల్ని చేర్చుకుని, జీతమిస్తూ, తమ ఖర్చుతో పని నేర్పించుకున్న పరిశ్రమ ఇప్పుడు ఆ ఖర్చునూ ఆ నిరీక్షణనూ మెల్లగా పిల్లల మీదికీ వాళ్ల తల్లిదండ్రుల మీదికీ నెట్టేసింది. ఇంటికొక ఇంజినీరు ఉన్న తెలుగునాట ఈ మార్పు తగలని ఊరు లేదు.

ఇది అర్థం కావాలంటే కరోనా కాలానికి వెళ్లాలి. 2020లో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేటును దాదాపు సున్నాకు దించింది. డబ్బు చవకైంది. దుకాణం నుంచి ఆసుపత్రి దాకా అన్నీ ఆన్‌లైన్‌కు మారాల్సి వచ్చింది. అమెరికా, యూరప్ కంపెనీలు తమ కంప్యూటర్ వ్యవస్థలను మార్చుకునే పనులన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టాయి. ఆ పనుల్లో పెద్ద వాటా మన ఐటీ సేవల కంపెనీలకు వచ్చింది. చేసే మనుషులు చాల్లేదు. 2021-22లో దేశంలో ఐటీ రంగం నికరంగా నాలుగున్నర లక్షల మందిని చేర్చుకుందని ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్ లెక్క. ఒక్క టీసీఎస్సే ఆ ఏడాది లక్ష మంది ఫ్రెషర్లను తీసుకుంది.

అనుభవమున్నవాళ్లకు అది పండగ కాలం. ఒక కంపెనీలో రాజీనామా ఇచ్చి, తొంభై రోజుల నోటీసు పీరియడ్‌లో ఉండగానే ఇంకో ఆఫర్, దాన్ని చూపించి మరో ఆఫర్, చివరికి జీతం రెట్టింపు. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో వలసల రేటు 28.4 శాతానికి చేరింది. అంటే ఏడాదిలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా వెళ్లిపోతున్నారన్నమాట. ఆ ఖాళీలు నింపడానికి కంపెనీలు కాలేజీల మీద పడ్డాయి. ఫైనలియర్‌లో ఉన్న విద్యార్థికి రెండు మూడు ఆఫర్లు రావడం మామూలైపోయింది. ఏడాది తర్వాత ఎంతమంది అవసరమవుతారో లెక్క సరిగా వేయకుండానే లెటర్లు ఇచ్చుకుంటూ పోయారు.

2022 మార్చి నుంచి ఫెడరల్ రిజర్వ్ వడ్డీలు పెంచడం మొదలుపెట్టింది. 2023 జూలైకల్లా రేటు 5.25-5.5 శాతానికి చేరింది. అప్పు ఖరీదైతే కంపెనీలు ముందుగా ఆపేది కొత్త ప్రాజెక్టులనే. అమెరికాలో మెటా 2022 నవంబరులో 11 వేల మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు, అమెజాన్ 18 వేలు అన్నాయి. మన సేవల కంపెనీల్లో తీసివేతల కంటే ముందు నియామకాలు ఆగాయి. వెళ్లిపోయినవాళ్ల స్థానాలను ఖాళీగానే ఉంచేశారు. 2023-24లో టీసీఎస్ సిబ్బంది 13,249 మంది, ఇన్ఫోసిస్ సిబ్బంది 25,994 మంది, విప్రో సిబ్బంది 24,516 మంది తగ్గారు. మూడు కంపెనీల్లో కలిపి ఒక్క ఏడాదిలో 63 వేలకు పైగా కుర్చీలు ఖాళీ అయ్యాయి. 2004లో షేర్ మార్కెట్లో అడుగుపెట్టిన టీసీఎస్‌లో ఏడాది మొత్తం మీద సిబ్బంది తగ్గడం అదే మొదలు.

హైదరాబాద్ లెక్కలు కూడా ఇదే చెబుతాయి. తెలంగాణ ప్రభుత్వం ప్రకటించిన అంకెల ప్రకారం 2022-23లో రాష్ట్ర ఐటీ రంగంలో కొత్తగా 1,27,594 మంది చేరారు. మరుసటి ఏడాది చేరినవాళ్లు సుమారు 40 వేలు. ఎగుమతులు పెరుగుతూనే ఉన్నాయి, కొత్త అద్దాల భవనాలు లేస్తూనే ఉన్నాయి, కొత్తగా లోపలికి వెళ్లేవాళ్ల వరుస మాత్రం మూడో వంతుకు కుదించుకుపోయింది.

ఫ్రెషర్‌కు ఈ పరిశ్రమలో అసలు స్థానమేమిటో తెలిస్తే తర్వాతి కథ సులువుగా బోధపడుతుంది. ఐటీ సేవల కంపెనీ తన పనికి చాలావరకు మనుషుల లెక్కన, గంటల లెక్కన డబ్బు తీసుకుంటుంది. ఒక ప్రాజెక్టులో ఇరవై ఏళ్ల అనుభవమున్నవాళ్లు ఒకరిద్దరు, పదేళ్లవాళ్లు కొందరు, కింద పెద్ద సంఖ్యలో కొత్తవాళ్లు ఉంటారు. కింది వరుస ఎంత వెడల్పుగా ఉంటే సగటు జీతం అంత తగ్గి, లాభం అంత పెరుగుతుంది. ఫ్రెషర్‌ను చేర్చుకోవడంలో దయా దానమూ ఏమీ లేదు, ఈ వ్యాపారం నిలబడిందే వాళ్ల మీద. అందుకే ఇన్ఫోసిస్ మైసూరులో వేలమందిని ఒకేసారి ఉంచి చదివించే ప్రాంగణం కట్టుకుంది. కెమిస్ట్రీ చదివినవాళ్లనూ, సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లనూ తీసుకుని కొద్ది నెలల్లో జావా నేర్పించి ప్రాజెక్టుల మీదికి పంపడం ఈ కంపెనీలన్నింటికీ అలవాటు. ఆ దారిలోనే కడప నుంచి, కరీంనగర్ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన తొలితరం పట్టభద్రులు నగరాల్లో నిలదొక్కుకున్నారు. ఈ పరిశ్రమ తెలుగు కుటుంబాలకు చేసిన మేలు అది, చిన్నది కాదు.

కానీ ఆ కింది వరుసకు ఇచ్చే జీతం గురించి గట్టిగా మాట్లాడాల్సిన సమయం ఎప్పుడో వచ్చింది. 2010-12 ప్రాంతంలో పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్ జీతం ఏడాదికి మూడు, మూడుంబావు లక్షలు. ఈనాటికీ మామూలు ఎంపికలకు అది మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. 2012ను వందగా పెట్టుకుని కట్టిన వినియోగదారుల ధరల సూచీ ఈలోగా 190 దాటింది. ఆనాటి మూడుంబావు లక్షలకు ఉన్న విలువ ఈరోజు రావాలంటే ఆరు లక్షలకు పైగా ఇవ్వాలి. ఈ కాలంలో పైస్థాయి జీతాలు ఎన్నో రెట్లు పెరిగాయి, లాభాలు పెరిగాయి, డాలరు విలువ కూడా పెరిగింది. కొత్తగా చేరిన పిల్లవాడి నిజ జీతం ఒక్కటే దాదాపు సగానికి దిగింది. చేతికొచ్చే ఇరవై పాతిక వేలల్లో గచ్చిబౌలి హాస్టల్ అద్దె, భోజనం, రుణం వాయిదా పోగా ఇంటికి పంపడానికి మిగిలేది ఏమీ ఉండదు. సరఫరా ఎక్కువ కాబట్టి ధర పెరగలేదని ఆర్థికవేత్తలు చెప్పే కారణం నిజమే. ఆ సరఫరా ఎలా పెరిగిందో కూడా చూడాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం తెచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పేదింటి పిల్లలకు ఇంజినీరింగ్ చదువు తలుపులు తెరిచింది. ఆ తలుపుల్లోంచే కాలేజీల వ్యాపారమూ ప్రవేశించింది. కొద్ది ఏళ్లలోనే ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందల దాకా వెళ్లాయి. తర్వాత చాలా మూతపడ్డాయి, మిగిలినవి ఒకే బ్రాంచి వైపు మొగ్గాయి. ఇప్పుడు తెలంగాణలో ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో నింపే కన్వీనర్ సీట్లలో మూడింట రెండొంతులకు పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ కోర్సులే. డేటా సైన్స్, సైబర్ సెక్యూరిటీ, ఏఐ-ఎంఎల్ అని పక్కన ఒక పేరు చేరుస్తారు. చాలాచోట్ల పాఠం చెప్పే అధ్యాపకులు మాత్రం అదే పాత బృందం. మంచి ప్రమాణాలున్న కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల పరిమితిని 2024-25 నుంచి సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ ఎత్తేసింది. మెకానికల్, సివిల్ సీట్లు ఎండిపోయి, ఒకే కాలేజీలో పది, పదిహేను కంప్యూటర్ సెక్షన్లు నడిచే పరిస్థితి వచ్చింది. ఈ పిల్లలు నాలుగేళ్ల తర్వాత ఒకే తలుపు ముందు నిలబడతారని సీట్లు ఇచ్చేవాళ్లకు తెలుసు. తెలిసి కూడా ఇవ్వడం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే బాధించే విషయం.

ఎంపికైనా నిశ్చింత లేదని ఇన్ఫోసిస్ ఉదంతం చెప్పింది. 2022లో ఆఫర్ అందుకున్న కొందరు రెండేళ్లకు పైగా ఆగారు. వార్తల్లోకెక్కాక, ఉద్యోగ సంఘాలు ఫిర్యాదులు చేశాక, 2024 అక్టోబరులో వాళ్లకు మైసూరుకు పిలుపొచ్చింది. శిక్షణలో పెట్టిన పరీక్షను మూడు ప్రయత్నాల్లోనూ దాటలేకపోయారంటూ 2025 ఫిబ్రవరిలో మూడు వందల మందికి పైగా ట్రైనీలను పంపించేశారు. పరీక్ష నిబంధన ఒప్పందంలో ముందే ఉందని, ఎప్పటినుంచో ఉన్నదేనని కంపెనీ చెప్పింది. ఆ మాట నిజం. అయితే చదివినది మరిచిపోయేంత కాలం ఇంట్లో కూర్చోబెట్టిన తర్వాత పెట్టే పరీక్షను, కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లకు పెట్టే పరీక్షతో సమానంగా చూడటం సబబు కాదు. ఆ రెండేళ్ల నష్టంలో కంపెనీ వాటా కూడా ఉంది.

ఈ విషయంలో చట్టం కూడా పెద్దగా ఆదుకోదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలంటున్నాయి. అది ఉద్యోగి అయ్యాక వచ్చే రక్షణ. ఎంపికైనా ఇంకా చేరని విద్యార్థి ఏ లెక్కలోకీ రాడు. అదే విద్యార్థి మరో ఆఫర్ వదులుకుని ఒక కంపెనీకి మాటిస్తాడు. ‘ఒక విద్యార్థికి ఒకే ఆఫర్’ అన్న నియమం పెట్టి కొన్ని కాలేజీలు అతన్ని మిగతా ఇంటర్వ్యూలకు పోనివ్వవు కూడా. కట్టుబాటు ఒకవైపే ఉంది. చేరే తేదీ, దానికి గడువు, గడువు దాటితే నెలకింత భత్యం అని ఆఫర్ లెటర్‌లోనే రాయించగల శక్తి ఒంటరి విద్యార్థికి ఉండదు. వందలమంది తరఫున కంపెనీతో మాట్లాడే ప్లేస్‌మెంట్ ఆఫీసుకు ఉంటుంది, విశ్వవిద్యాలయానికి ఇంకా ఎక్కువ ఉంటుంది. వాళ్లు అడగాలి.

ఈ సమయానికే కృత్రిమ మేధ వచ్చి పడింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. ఫ్రెషర్‌కు మొదటి రోజుల్లో ఇచ్చే పనులేమిటో సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఎవరినడిగినా చెబుతారు. ఉన్న కోడ్‌లో చిన్న మార్పు, టెస్ట్ కేసులు రాయడం, డాక్యుమెంట్ తయారుచేయడం, పాత ప్రోగ్రామ్‌ను కొత్త భాషలోకి మార్చడం. సరిగ్గా ఆ పనులే ఈ ఉపకరణాలు బాగా చేస్తున్నాయి. వాటిని చేస్తూ చేస్తూనే ఇన్నాళ్లూ కొత్తవాళ్లు పని నేర్చుకున్నారు. సీనియర్ పక్కన ఏఐ కూర్చుంటే జూనియర్ కూర్చునే చోటు తగ్గుతుంది. అమెరికాలో ఏడీపీ అనే జీతాల సంస్థ దగ్గరున్న లెక్కలతో ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్ తదితర స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2025 ఆగస్టులో ఒక అధ్యయనం వెలువరించారు. 22-25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ డెవలపర్ల సంఖ్య 2022 చివరినాటి గరిష్ఠం నుంచి దాదాపు 20 శాతం పడిపోయిందని, అదే రంగంలో వయసులో పెద్దవాళ్ల ఉద్యోగాలు అలా పడిపోలేదని అందులో తేలింది. అది అమెరికా లెక్క. ఇక్కడి కింది వరుస అక్కడి కంటే ఎన్నో రెట్లు వెడల్పు కాబట్టి మనం దాన్ని ఇంకా శ్రద్ధగా చదవాలి.

ప్రతి తీసివేతకూ ఏఐనే కారణంగా చూపడం కూడా తప్పే. 2025 జూలైలో టీసీఎస్ తన ఆరు లక్షల పైచిలుకు సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేలమందికి పైగా ఉద్యోగులను తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. దెబ్బ ఎక్కువగా మధ్య, పై స్థాయిల వాళ్ల మీద పడింది. ఇది ఏఐ వల్ల కాదని, వాళ్ల నైపుణ్యాలకు తగిన పని దొరకకపోవడం వల్లనని సీఈఓ కృతివాసన్ చెప్పారు. పదిహేనేళ్లుగా కోడ్ ముట్టుకోకుండా మనుషుల్ని, షెడ్యూళ్లను చూసుకుంటూ వచ్చిన మేనేజర్లకు ప్రాజెక్టు ముగిస్తే ఇంకో ప్రాజెక్టు దొరకడం లేదు. వాళ్లు ప్రాజెక్టు లేకుండా బెంచి మీద ఉండగలిగే రోజులను కూడా కంపెనీ కుదించింది. నలభై దాటిన వయసులో, ఇంటి రుణం సగంలో ఉండగా మళ్లీ ఇంటర్వ్యూలకు సిద్ధం కావాల్సి వస్తున్నవాళ్ల బాధ ఫ్రెషర్ బాధ కంటే తక్కువేమీ కాదు.

ఇంత జరుగుతున్నా హైదరాబాద్‌లో ఆఫీసు స్థలాలకు గిరాకీ తగ్గలేదు. కారణం గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు. అందరూ జీసీసీలు అంటున్నవి ఇవే. విదేశీ కంపెనీ తన పనిని టీసీఎస్‌కో ఇన్ఫోసిస్‌కో అప్పగించకుండా, తన సొంత ఆఫీసు ఇక్కడే పెట్టుకుని నేరుగా మనుషుల్ని తీసుకుంటే అది జీసీసీ. 2024 నాటికి దేశంలో ఇలాంటివి 1,700కు పైగా ఉన్నాయని, 19 లక్షలమంది వాటిలో పనిచేస్తున్నారని నాస్‌కామ్, జిన్నోవ్ కలిసి లెక్కతేల్చాయి. హైదరాబాద్ వాటా సుమారు 350. 2025లోనే ఔషధ కంపెనీలు ఆమ్‌జెన్, ఎలై లిల్లీ ఇక్కడ కేంద్రాలు తెరిచాయి. బర్గర్ల కంపెనీ మెక్‌డొనాల్డ్స్ అమెరికా వెలుపల తన అతిపెద్ద కార్యాలయాన్ని అక్టోబరులో హైదరాబాద్‌లోనే ప్రారంభించింది.

జీసీసీల్లో జీతాలు ఎక్కువ, పని కూడా కంపెనీ సొంత ఉత్పత్తికి దగ్గరగా ఉంటుంది. మందుల కంపెనీ అయితే క్లినికల్ ట్రయల్స్ డేటా, బ్యాంకు అయితే మోసాలను పసిగట్టే వ్యవస్థలు. కోడ్ రాయడం ఒక్కటే సరిపోదు, ఆ వ్యాపారం తెలిసి ఉండాలి. కాబట్టి వీళ్లు ఎక్కువగా నాలుగేళ్ల నుంచి పదేళ్ల అనుభవమున్నవాళ్లను తీసుకుంటారు. ఫ్రెషర్లు కావాలంటే ఎంచుకున్న కొద్ది కాలేజీల్లో మూడో ఏడాదే ఇంటర్న్‌షిప్ ఇచ్చి, ఆరు నెలలు పని చూసి, నచ్చినవాళ్లకే ఉద్యోగమిస్తారు. ఐఐటీ, ట్రిపుల్ ఐటీ, ఎన్ఐటీ వరంగల్, నగరంలోని నాలుగైదు పేరున్న కాలేజీల పిల్లలకు ఈ దారి తెరిచే ఉంది. జిల్లా కేంద్రానికి ముప్పై కిలోమీటర్ల దూరంలో హైవే పక్కన ఉన్న కాలేజీకి వాళ్ల కారు రాదు. మరి ఆ నాలుగేళ్ల అనుభవం అభ్యర్థికి ఎక్కడ వచ్చింది? చాలావరకు సేవల కంపెనీల్లోనే. అవి ఫ్రెషర్లను తగ్గించుకుంటూ పోతే కొన్నేళ్లకు జీసీసీలు తెచ్చుకునే అనుభవజ్ఞులు కూడా కరువవుతారు. ఇంకొకరు నేర్పిన పనివాళ్లను ఎగరేసుకుపోయే ఈ కేంద్రాలు నేర్పే బాధ్యతలో తమ వంతు మోయాలి. రాయితీలు ఇచ్చి పిలుస్తున్న ప్రభుత్వాలు ఈ ఒక్క షరతు గట్టిగా పెట్టినా చాలామందికి దారి దొరుకుతుంది.

సేవల కంపెనీలు కూడా ఫ్రెషర్లను పూర్తిగా వదిలేయలేదు. 2024-25లో టీసీఎస్ 42 వేలమందిని చేర్చుకుంది. ఎంపిక పద్ధతి మారింది. అందరికీ ఒకే జీతం అనే పాత లెక్క పోయి, ఒకే పరీక్షలో వచ్చిన ఫలితాన్ని బట్టి అంతస్తులు ఏర్పడ్డాయి. టీసీఎస్‌లో నింజా అంటే మూడున్నర లక్షల లోపు, డిజిటల్ అంటే ఏడు లక్షలు, ప్రైమ్ అంటే అంతకంటే ఎక్కువ. ఒకే కాలేజీ, ఒకే బెంచి, ఒకే రోజు పరీక్ష రాసిన ఇద్దరి జీతాల మధ్య రెండు మూడు రెట్ల తేడా. పై అంతస్తుకు వెళ్లినవాళ్లలో చాలామంది సిలబస్‌తో సంబంధం లేకుండా సొంతంగా డేటా స్ట్రక్చర్లు, అల్గారిథమ్‌లు ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లే. అంటే కాలేజీ ఇవ్వని చదువును బయట సంపాదించుకున్నవాళ్లకు మంచి జీతం దొరుకుతోంది.

ఆ బయటి చదువు అనగానే తెలుగువాళ్లకు గుర్తొచ్చేది అమీర్‌పేట. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ గోడలనిండా, స్తంభాలనిండా కోర్సుల బోర్డులు. మెయిన్‌ఫ్రేమ్స్, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్ కాలం నుంచి ఏ రోజుకారోజు మార్కెట్ ఏది అడిగితే ఆ పేరు బోర్డెక్కుతుంది. ఇప్పుడు డెవాప్స్, సేల్స్‌ఫోర్స్, సర్వీస్‌నౌ, జెనరేటివ్ ఏఐ. కొద్ది వేల రూపాయల ఫీజుతో, ఉచిత డెమో క్లాసుతో, పరిశ్రమలో పనిచేసినవాళ్ల చేత పాఠం చెప్పించిన ఈ గల్లీలు ఎన్నో వేలమందిని ఉద్యోగాల దాకా చేర్చాయి. వాటిని చిన్నచూపు చూడటం సరికాదు. క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌కు వెళ్లిపోయినా ఆ పేరుకు గౌరవం తగ్గలేదు.

అక్కడే ఇంకో దారి కూడా ఉంది. ఫ్రెషర్‌కు తలుపు మూసుకున్నప్పుడు, మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు తయారుచేసి పెడతామనేవాళ్లు పుట్టుకొస్తారు. పేరుకు మాత్రమే ఉన్న ఒక కంపెనీ, దాని లెటర్‌హెడ్, జీతం స్లిప్పులు, అడిగితే ఫోన్లో సమాధానం చెప్పే మనిషి. ఇంటర్వ్యూలో తెర వెనుక మరొకరు జవాబులు చెప్పే ప్రాక్సీ పద్ధతి దానికి తోడు. దొరికిపోయే అవకాశం ఇప్పుడు బాగా పెరిగింది. 2014 నుంచి ప్రావిడెంట్ ఫండ్‌కు యూఏఎన్ నంబరు వచ్చాక ఎవరు ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నారో ఆ ఖాతా చరిత్రే చెబుతుంది. పెద్ద కంపెనీలు నేపథ్య పరిశీలనలో ముందు చూసేది దాన్నే. చేరిన ఆరు నెలలకు బయటపడి తీసేస్తే ఆ మచ్చ తర్వాతి ఉద్యోగానికీ అడ్డం వస్తుంది. రెండు, మూడు లక్షలు కడితే వెనుక దారిలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు వసూలు చేసి, మాదాపూర్‌లో అద్దె ఆఫీసుకు తాళం వేసి పోయినవాళ్ల మీద పోలీసు కేసులు ఏటా నమోదవుతూనే ఉన్నాయి. ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఏదీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. డిపాజిట్ అన్నా, శిక్షణ రుసుము అన్నా, ల్యాప్‌టాప్ ఖర్చు అన్నా అది మోసమే.

మోసాలకు మందుగా కంపెనీలు పాత పద్ధతికి తిరిగి వెళ్తున్నాయి. కరోనా తర్వాత పూర్తిగా వీడియోకు మారిన ఇంటర్వ్యూలు మళ్లీ ఎదురెదురుగా కూర్చుని జరుగుతున్నాయి. కనీసం ఒక్క రౌండైనా అభ్యర్థి ముఖాముఖిగా రావాల్సి ఉంటుందని గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2025 జూన్‌లో చెప్పారు. నిజంగా చదువుకున్న పిల్లలకు ఇది మంచి వార్త. బోర్డు మీద మార్కర్‌తో తర్కం రాసి చూపించగలిగినవాళ్లకు కాలేజీ పేరు అడ్డు కాకుండా పోయే సందర్భాలు అక్కడే దొరుకుతాయి.

ఇక్కడ దారి ఇరుకైతే అమెరికా వెళ్లి ఎంఎస్ చేయడం తెలుగు ఇళ్లలో చాలాకాలంగా రెండో దారి. ఆ దారి ఖర్చు కూడా మారిపోయింది. కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలని ట్రంప్ 2025 సెప్టెంబరులో ఉత్తర్వు జారీచేశారు. అమెరికాలోనే చదువుకుని, అక్కడినుంచే వీసా మార్చుకునే విద్యార్థులకు ఇది వర్తించదని మరుసటి నెలలో అధికారులు స్పష్టం చేశారు. ఇండియా నుంచి నేరుగా పంపే ఆన్‌సైట్ అవకాశం మాత్రం కంపెనీలకు భారమైపోయింది. హెచ్-1బీలను పంచే లాటరీలో ఎక్కువ జీతాలవాళ్లకు మొగ్గు చూపే ప్రతిపాదన కూడా అదే సెప్టెంబరులో వచ్చింది. ఆమోదం పొందిన హెచ్-1బీల్లో 71 శాతం భారతీయులవే కాబట్టి దెబ్బ ఎవరికో వేరే చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోయిన హెచ్-1బీ మనిషికి కొత్తది వెతుక్కోవడానికి ఉండేది అరవై రోజులు. నలభై లక్షల అప్పుతో ఎంఎస్‌కు పంపే ముందు తల్లిదండ్రులు ఈ అంకెలన్నీ కాగితం మీద పెట్టుకోవాలి.

విశాఖపట్నం వైపు ఇప్పుడు చాలామంది ఆశగా చూస్తున్నారు. టీసీఎస్‌కు 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 21 ఎకరాలకు పైగా భూమిని 99 పైసల నామమాత్రపు ధరకు ఇచ్చింది. కంపెనీ 12 వేల ఉద్యోగాలు వస్తాయంది. కాగ్నిజెంట్‌కు కూడా అదే ధరకు భూమి, 8 వేల ఉద్యోగాల హామీ. అక్టోబరులో గూగుల్ అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ డేటా కేంద్రం కడతానని ప్రకటించింది. డేటా కేంద్రం కట్టేటప్పుడు వేలమందికి పని ఉంటుంది, నడిపేటప్పుడు అంతమంది అక్కర్లేదు. కరెంటు, శీతలీకరణ, నెట్‌వర్క్, భద్రత చూసే ఎలక్ట్రికల్, మెకానికల్ వాళ్లకు అక్కడ గిరాకీ ఉంటుంది. అందరూ వదిలేసిన బ్రాంచీలే అవి. సేవల కంపెనీల హామీల విషయంలో అడగాల్సినవి వేరు. ఆ 12 వేలలో కొత్త నియామకాలెన్ని, హైదరాబాద్, బెంగళూరుల నుంచి బదిలీ అయి వచ్చేవాళ్లెందరు, ఉత్తరాంధ్ర కాలేజీల నుంచి తీసుకునే ఫ్రెషర్లెందరు? ప్రజల భూమికి బదులుగా వచ్చే ఉద్యోగాలు కాబట్టి ఈ లెక్కలు ఏటా ప్రకటించమనే హక్కు ప్రజలకు ఉంది.

అలాంటి లెక్కలే కాలేజీలనూ అడగాలి. అడ్మిషన్ల కాలంలో ప్రతి కాలేజీ ఫ్లెక్సీ మీద ఒక అంకె పెద్దగా కనిపిస్తుంది. అత్యధిక ప్యాకేజీ, 40 లక్షలో 50 లక్షలో. అది ఒక్క విద్యార్థి జీతం. పక్కనే రాసే ప్లేస్‌మెంట్ల సంఖ్యలో ఒకరికే వచ్చిన మూడు ఆఫర్లు మూడుగా లెక్కకొస్తాయి, లెటర్ వచ్చి చేరే పిలుపు రానివాళ్లు కూడా చేరిపోతారు. దీనికి ఒక మందు ఇప్పటికే ఉంది, తెలిసినవాళ్లు తక్కువ. కేంద్ర ప్రభుత్వ ర్యాంకుల వ్యవస్థ ఎన్ఐఆర్ఎఫ్‌కు దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ ఆ బ్యాచిలో ఎందరు పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, ఎందరు పైచదువులకు వెళ్లారు, మధ్యస్థ జీతమెంత అనే వివరాలు సమర్పించాలి, వాటిని తన వెబ్‌సైట్లో పెట్టాలి. మధ్యస్థ జీతమంటే ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్నవాళ్లకు వచ్చేది. మేనేజ్‌మెంట్ కోటాకు చెక్కు రాసేముందు, కన్వీనర్ కోటాలో వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఆ పట్టిక తెరిచి, మూడేళ్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడొచ్చు. కాలేజీ సైట్లో అది కనిపించకపోతే ప్లేస్‌మెంట్ అధికారిని నేరుగా అడగొచ్చు. గత ఏడాది ఆఫర్లు వచ్చినవాళ్లలో నిజంగా చేరినవాళ్లెందరు, చేరడానికి ఎన్ని నెలలు పట్టింది అని.